అప్‌డేట్: విత్తనాలకు మైక్రోలోనా, మా పొదుపు డబ్బా?

ఇంటి తిండికి సరిపడా మాత్రమే పండించుకునే మా ఆడవాళ్ల గ్రూపు విత్తనాలకు మైక్రోలోన్ (మైక్రోఫైనాన్స్ వాళ్లిచ్చే చిన్న అప్పు) తీసుకోవాలా, పొదుపు డబ్బునే అప్పుగా ఇచ్చుకోవాలా అని అప్పుడు అడిగాను కదా. పొదుపు వైపే మొగ్గాం.

మైక్రోలోన్‌లో వడ్డీ కన్నా వాయిదాలే భయపెట్టాయి. విత్తిన మరుసటి నెల నుంచే కిస్తీ కట్టమంటే, పంట చేతికి రాకముందు డబ్బు ఎక్కడిది? పైగా వాళ్లు చెప్పిన 12 శాతం వడ్డీ ఫ్లాట్ రేటు. తీర్చేసిన అసలు మీదా వడ్డీ పడుతూనే ఉంటుంది. నెలనెలా కట్టే ఏడాది అప్పుకి అది నిజానికి 21 శాతం దాటుతుంది. ఈ లెక్క వేసి చూపించినవాళ్లకి థ్యాంక్స్.

మేం పట్టుకున్నది 1991లో ఆఫ్రికాలోని నైజర్‌లో కేర్ అనే సహాయ సంస్థ మొదలుపెట్టిన గ్రూపు పొదుపు పద్ధతి. పొదుపు పెట్టెకు మూడు తాళాలు, ముగ్గురి దగ్గర తాళంచెవులు. ఎవరికైనా తాము దాచినదానికి మూడు రెట్లు మించి అప్పు లేదు. ఏడాదికోసారి పెట్టెలో డబ్బు పంపకం, అదీ సరిగ్గా విత్తనాలు వేసే ముందు. అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. (మీటింగుల్లో గొడవలు మాత్రం మామూలే.)

కలుపు తీసే టైంలో అందరికీ ఒకేసారి అప్పు కావాలి, పెట్టెలో అంత ఉండదు. ఆ టెన్షన్ తీరలేదు. దానికి మాత్రం పంట తర్వాత ఒకేసారి తీర్చే చిన్న లోన్ అడుగుతున్నాం.