గుడి పులిహోర రుచి ఇంట్లో ఎందుకు రాదు?

పోపులపెట్టె:
గుళ్లో దొన్నెలో పెట్టిన పిడికెడు పులిహోర కళ్లకద్దుకుని తినేస్తాం, ఇంకాస్త పెడితే బాగుండుననిపిస్తుంది. అదే ఇంట్లో గిన్నెడు కలిపితే సాయంత్రానికి దిక్కుండదు. పావుకిలో సోనామసూరికి నిమ్మకాయంత చింతపండు, నాలుగు పచ్చిమిర్చి, అరచెంచా పసుపు వేస్తున్నాను. అన్నం ముద్దవుతోంది. ఒక ముద్ద పుల్లగా ఉంటే ఇంకో ముద్ద చప్పగా ఉంటోంది. తక్కువైంది భక్తా, కొలతా?

అట్లకాడ:
కొలతే. నిమ్మకాయంత అంటే 25-30 గ్రాములు. పావుకిలో బియ్యానికి 40 నుంచి 50 గ్రాములు పడుతుంది. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, చిక్కగా గుజ్జు తీయండి. నాలుగు చెంచాల నువ్వులనూనెలో ఆ గుజ్జు, చీల్చిన పచ్చిమిర్చి, ఉప్పు వేసి, అంచుల్లో నూనె తేలేదాకా సన్నసెగ మీద ఉడకనివ్వాలి. సుమారు పది పన్నెండు నిమిషాలు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. గుజ్జులో నీళ్లు మిగిలితే పచ్చివాసన పోదు, ఆ తడికి అన్నం ముద్దవుతుంది. ఉప్పంతా గుజ్జులోనే పడాలి. అన్నం మీద చల్లితే అక్కడక్కడా తగులుతుంది.

పాత బియ్యమైతే కుక్కర్లో గ్లాసుకి గ్లాసున్నర, మహా అయితే పావు తక్కువ రెండు గ్లాసుల నీళ్లు చాలు. అన్నం వెడల్పాటి పళ్లెంలోకి తీసి, వేడి మీదే పసుపు, రెండు చెంచాల పచ్చి నువ్వులనూనె, నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి వదిలేయండి. పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపాలి. వేడిగా ఉన్నప్పుడు గరిటె పెడితే మెతుకు విరుగుతుంది, విరిగిన మెతుకు జిగురు వదులుతుంది.

చప్పబడటం గురించి: అన్నం మూడు నాలుగు గంటలపాటు పులుపునీ ఉప్పునీ పీల్చుకుంటూనే ఉంటుంది. అందుకని కలపగానే రుచి చూస్తే రెండూ ఒక పిసరు ఎక్కువనిపించాలి. అప్పుడే సరిగ్గా కుదిరిందంటే సాయంత్రానికి తగ్గినట్టే.

ఆవఘాటు:
పైదంతా ఒప్పుకుంటాను గానీ, ఆవ పెట్టకపోతే నా లెక్కలో అది చింతపండు అన్నమే. గోదావరి జిల్లాల పద్ధతి: చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు కాసిని నీళ్లతో మెత్తగా నూరి, చల్లారిన అన్నంలో ఆఖర్న కలపాలి. వేడి అన్నంలో వేస్తే ఘాటు చచ్చిపోయి చేదు మిగులుతుంది.

కొన్ని గుళ్లల్లో వచ్చే ఆ వాసన మాత్రం పొడిది. పావుచెంచా మెంతులు, అరచెంచా మిరియాలు, రెండు చెంచాల నువ్వులు విడివిడిగా దోరగా వేయించి పొడి చేసి కలిపి చూడండి. మెంతులు మాడాయా, గిన్నెడూ పారబోయాల్సిందే.

దొన్నె:
భక్తి సంగతి ఎవరూ ఎత్తలేదు గనక నేను చెబుతాను. గుడి పులిహోరలో పడే అసలు దినుసు ఆకలి. పొద్దున్నే తలస్నానం, ఖాళీ కడుపు, గంటన్నర క్యూ, ఆపైన దొన్నెలో నాలుగే ముద్దలు. ఐదో ముద్ద దొరకదు కాబట్టే నాలుగోదానికి ఆ రుచి! ఇంట్లో ఎనిమిదింటికి నాలుగిడ్లీలు లాగించి, పదకొండింటికి పులిహోర పెట్టుకుంటే పాపం దాని తప్పేముంది?

ఇంకోటి, గుళ్లో పెద్ద రాశిగా కలిపింది పంచేసరికి బాగా ఊరుతుంది. ఇంట్లోనూ కలిపాక రెండు గంటలు మూత పెట్టి, ఆ వైపు వెళ్లకండి. మాటల్లో పులిహోర కలిపేవాళ్లకీ ఇదే సూత్రం, తొందరపడితే ముద్దే.

పోపులపెట్టె:
బెల్లం వేయొచ్చా? పల్లీలు మెత్తబడుతున్నాయి, ఏం చేయాలి?

అట్లకాడ:
గుజ్జు ఉడికేటప్పుడు ఉసిరికాయంత బెల్లం వేయండి. పులుపు మొన తగ్గాలి, తీపి తెలియకూడదు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు గుజ్జుతోపాటు కలిపేయండి. పల్లీలు విడిగా వేయించి డబ్బాలో ఉంచి, వడ్డించే ముందు చల్లుకోండి.

ఆవఘాటు:
బెల్లమా? శివశివా!