యూఎన్ డ్యూటీ అంటే యుద్ధం చెయ్యాలా?

గాజువాక కుర్రోడు: మా బావ ఆర్మీ, సౌత్ సూడాన్‌కి యూఎన్ డ్యూటీ పడింది, అక్కేమో పప్పులో ఉప్పెయ్యడం కూడా మర్చిపోతోంది. జీతం ఎవరిస్తారు, అక్కడ యుద్ధం చెయ్యాలా?

పాత హవల్దార్: జీతం మన ప్రభుత్వమే ఇస్తాది, మనిషికింతని యూఎన్ తర్వాత ప్రభుత్వానికి కడతాది. యూఎన్ శాంతి సైన్యం నీలం టోపీ పెట్టాక ఎవరి పక్షమూ కాదు బాబూ, ఆత్మరక్షణకీ జనాన్ని కాపాడ్డానికీ తప్ప కాల్చకూడదు. అలాగని పిక్నిక్ కాదు, 1961లో కాంగోలో కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా చనిపోయారు, పరమవీర చక్ర ఇచ్చారు.

బీచ్‌రోడ్ బుల్లోడు: ఇక్కడ మాత్రం తక్కువా? 2014 హుద్‌హుద్ తుఫానుకి మా వీధిలో అడ్డంగా పడ్డ చెట్టుని కోసింది జవాన్లే, టీ ఇస్తే నిలబడే తాగేసి మళ్ళీ రంపం పట్టేసారు. 2020 కరోనాలో మాల్దీవుల్లో చిక్కుకున్న మనోళ్ళని ఒకే ట్రిప్పులో 698 మందిని తెచ్చిన నేవీ ఓడ ఐఎన్ఎస్ జలాశ్వ మన వైజాగ్ ఓడే కదేటి.

గాజువాక కుర్రోడు: థాంక్సండి, అక్కకి చదివి వినిపించా. సలారియా గారి లైను మాత్రం దాటేసా.