పొత్తికడుపు నొప్పి: మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఆరు నెలలు దాటింది, పొత్తికడుపులో కుడివైపు లాగేసినట్టు నొప్పి. పీరియడ్స్ మొదటి రెండు రోజులు మంచం దిగలేను. ఈమధ్య మామూలు రోజుల్లో కూడా వస్తోంది. స్కాన్ నార్మల్ అన్నారు. ఇంట్లోవాళ్లు "ఆడవాళ్లకి మామూలే" అంటున్నారు. మళ్లీ చూపించుకోవాలా?

జవాబు: తప్పకుండా చూపించుకోండి అమ్మా. మంచం దిగనివ్వని నొప్పిని మామూలే అని వదిలేయకూడదు. స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు. ఎండోమెట్రియోసిస్‌లో గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీదో పేగుల మీదో పెరుగుతుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లో అది చాలాసార్లు కనపడదు. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీకు అదేనని అనడం లేదు. మూత్రాశయం, పేగులు, కటి కండరాలు పట్టేయడం, వీటి నొప్పీ అక్కడే తెలుస్తుంది.

అందుకే వెళ్లేముందు ఒకటి రెండు నెలలు రాసి పెట్టుకోండి. "12వ తేదీ, పీరియడ్స్‌కి రెండు రోజుల ముందు, కుడివైపు, నొప్పి పదికి ఏడు, మోషన్‌కి వెళ్తే పొడిచినట్టుంది, మాత్ర వేసుకుంటే రెండు గంటలే తగ్గింది." ఇలా రాస్తే చాలు. కలయికలో నొప్పి ఉంటే అదీ రాయండి. నోటితో చెప్పడానికి మొహమాటమైతే ఆ కాగితం డాక్టర్ చేతికివ్వండి. నొప్పి ఎక్కువైతే మాత్రం నెలలు నిండేదాకా ఆగొద్దు.

ప్రశ్న: రాత్రిపూట ఎక్కువైతే పొద్దున్నదాకా ఆగొచ్చా అండీ?

జవాబు: ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి వాంతులవుతుంటే ఆగకండి, అండాశయం మెలిపడి ఉండొచ్చు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగితే అపెండిక్స్ అని అనుమానించాలి. జ్వరంతోపాటు వాసనతో తెల్లబట్ట అవుతుంటే ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే చూపించుకోవాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది గర్భం ట్యూబులో నిలవడం. నెల తప్పాక ఒకపక్క నొప్పి, కొద్దిగా బ్లీడింగ్, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆ బ్లీడింగ్‌ని పీరియడ్స్ అనుకుని పొరబడేవాళ్లున్నారు. గర్భం వచ్చే అవకాశం ఏమాత్రం ఉన్నా ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి రెండు పీరియడ్స్ మధ్యలో ఒక్కరోజు పొత్తికడుపు నొప్పి వచ్చి పోతుంది. స్కాన్ కావాలా?

జవాబు: అండం విడుదలయ్యేటప్పుడు అలా రావడం సహజమే అక్కా. తనంతట తగ్గిపోతుంటే కంగారొద్దు. రెండు మూడు రోజులైనా తగ్గకపోతే చూపించండి.

ఇంకొక్క మాట, మగపిల్లల గురించి. వృషణం మెలిపడినా ఒక్కోసారి పొత్తికడుపులోనే నొప్పి అంటారు, సిగ్గుతో అసలు చోటు చెప్పరు. అడిగి తెలుసుకోండి. దాన్ని కాపాడుకోవడానికి సుమారు ఆరు గంటలే టైముంటుంది.