క్లెరీ నివేదికలో సున్నాలుంటే ఆ క్యాంపస్ క్షేమమనుకోవచ్చా?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తండ్రి):

మా అమ్మాయికి అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాలలో ఎం.ఎస్. సీటు వచ్చింది. అక్కడి విద్యాసంస్థలు తమ ఆవరణలో నమోదైన నేరాల లెక్కను ఏటా ప్రకటించాలని తెలిసి, క్లెరీ నివేదికలనే పేరున్న వార్షిక భద్రతా నివేదికలను రెండింటివీ తెరిచి చూశాను. అత్యాచారాల వరుసలో ఒకదానికి మూడేళ్లూ సున్నాలే ఉన్నాయి. రెండోదానికి ఏటా రెండంకెల సంఖ్య ఉంది. ఇంట్లోవాళ్లు మొదటిదానికే పంపుదామంటున్నారు, అమ్మాయి మాత్రం చదువుకు రెండోదే మేలని పట్టుబడుతోంది. ఈ అంకెలను ఎలా చదవాలో అక్కడ ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఇక్కడి ఒక విశ్వవిద్యాలయ ఉద్యోగి):

అయ్యా, మీ ఆందోళన నాకు అర్థమైంది. ఈ లెక్కలు ఒక తల్లిదండ్రుల దుఃఖంలోంచి పుట్టాయి. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని తోటి విద్యార్థి ఆమె హాస్టల్ గదిలోనే అత్యాచారం చేసి చంపాడు. వాటంతటవే తాళం పడవలసిన తలుపులను ఎవరో మూతపడకుండా అడ్డుపెట్టి ఉంచడంతో అతను లోపలికి రాగలిగాడు. ఆ క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల సంగతి తమకెవరూ చెప్పలేదని ఆమె తల్లిదండ్రులు చేసిన పోరాటం వల్లనే, నేరాల లెక్కను ప్రకటించాలనే ఈ చట్టం 1990లో వచ్చింది. ఆమె పేరుతోనే దాన్ని క్లెరీ చట్టం అంటారు.

మీరు చూసిన సంఖ్య పోలీసు కేసులది గానీ, శిక్షలది గానీ కాదు. బాధితురాలు కేసు పెట్టకపోయినా, హాస్టల్ బాధ్యులకో, క్రీడల కోచ్‌కో చెప్పుకుంటే, వాళ్లు ఆ విషయాన్ని పేరు లేకుండానైనా లెక్కకు పంపాలి. అందువల్ల ధైర్యంగా చెప్పుకోగల వాతావరణం ఉన్నచోట సంఖ్య పెరుగుతుంది. వరుసగా సున్నాలు కనిపిస్తే నాకు నిశ్చింత కంటే అనుమానమే ఎక్కువ కలుగుతుంది. నేరాల లెక్కలు సరిగా చూపకపోవడం వంటి ఉల్లంఘనలకు లిబర్టీ విశ్వవిద్యాలయం మీద 2024 మార్చిలో అమెరికా విద్యాశాఖ 1 కోటి 40 లక్షల డాలర్ల జరిమానా వేసింది. విద్యార్థుల సంఖ్య, హాస్టళ్లలో ఉండేవారి సంఖ్య కూడా పక్కన పెట్టుకుని చూడండి.

జవాబు 2 (గుంటూరు నుంచి ఒక తల్లి):

అన్నయ్యగారూ, ఆ నివేదికకు ఒక హద్దు ఉందని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము. క్యాంపస్, దానిని ఆనుకుని ఉన్న వీధులు, విశ్వవిద్యాలయం అధీనంలోని భవనాలు మాత్రమే అందులోకి వస్తాయి. మా అబ్బాయి ముగ్గురు స్నేహితులతో కలిసి మూడు మైళ్ల దూరంలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. ఒక రాత్రి లైబ్రరీ నుంచి తిరిగి వచ్చేసరికి తలుపు గడియ ఊడి వేలాడుతోందట, లాప్‌టాప్‌లు, పాస్‌పోర్టులున్న సంచీ పోయాయి. నగర పోలీసులు కేసు రాసుకున్నారు గానీ, మరుసటి ఏడాది విశ్వవిద్యాలయ నివేదికలో దాని జాడే లేదు. మన పిల్లల్లో చాలామంది ఉండేది ఇలాంటి ఇళ్లలోనే కదా! అద్దెకు తీసుకోబోయే పేటలో నేరాల సంగతిని నగర పోలీసుల వెబ్‌సైటులో తప్పక చూడండి.

జవాబు 3 (ప్రశ్న అడిగిన తండ్రి):

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు క్యాంపస్‌ల పోలీసులూ వెబ్‌సైటులో పెట్టిన రోజువారీ నేరాల పట్టికలను రాత్రి కూర్చుని చదివాను. సైకిల్ దొంగతనాలు వాటిలో ఎన్నో కనిపించాయి, వార్షిక నివేదికలో మాత్రం ఒక్కటీ లేదు. అది కూడా దాచిపెట్టడమేనా?

జవాబు 4 (విశ్వవిద్యాలయ ఉద్యోగి):

కాదండీ. మామూలు దొంగతనాలను వార్షిక లెక్కలో చూపాలని చట్టం అడగదు. ఇల్లు లేదా గది చొరబడి చేసిన దొంగతనం, వాహన చోరీ, దోపిడీ వంటివాటినే అడుగుతుంది. రోజువారీ పట్టికలో మాత్రం క్యాంపస్ పోలీసులకు అందిన ప్రతి నేరం రెండు పనిదినాలలో ఎక్కాలి. అక్కడి జీవితం ఎలా ఉంటుందో తెలియడానికి మీరు చదివిన ఆ పట్టికే ఎక్కువ ఉపయోగపడుతుంది.

జవాబు 5 (ప్రశ్న అడిగిన తండ్రి):

మీరు చెప్పినట్టు హాస్టళ్ల వివరాలు వెతికాను. సున్నాలున్న విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు అసలు వసతే లేదు, అందరూ బయటే ఉంటారట. రెండోదానిలో మొదటి ఏడాదికి క్యాంపస్‌లోనే గది దొరికే అవకాశం ఉందని అమ్మాయి చెప్పింది. ఈ రోజే దరఖాస్తు పెట్టిస్తున్నాను.