పన్నెండు అంగల దూరంలో తోడేలు, చేతిలో పెళ్లి కెమెరా

దేవరకద్ర_స్టూడియో:

(ఎడిట్: ముందు రాసిన ఊరి పేరు, చెరువు పేరు తీసేశాను. ఎందుకో కింద రిప్లైలు చదివితే తెలుస్తుంది.)

నాది పెళ్లి ఫొటోల పని. పదకొండేళ్లుగా పెళ్లికూతుళ్లు, అప్పగింతలు, బంతి భోజనాల దగ్గర నోట్లో ముద్దతో దొరికిపోయే పెద్దాయనలు, వీళ్లను తప్ప వేరే జీవిని తీసింది లేదు. పోయిన వారం మక్తల్ వైపు ఒక పెళ్లి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. అన్నీ సర్దుకుని బండెక్కేసరికి ఐదున్నర. హైవే మీద లారీల లైట్లు కళ్లల్లో కొడుతున్నాయని లోపలి రోడ్డు పట్టాను. ఒక చెరువుకట్ట దాటాక, చెప్పుకోవడానికి సిగ్గెందుకు, బండి ఆపి పక్కకు వెళ్లాను. తిరిగొస్తుంటే పల్లిచేను గట్టు మీద నిలబడి ఉంది.

ముందు కుక్క అనుకున్నా. పొద్దింకా పొడవలేదు, మనిషి మొహం గుర్తుపట్టేంత వెలుతురే ఉంది. తర్వాత కాళ్లు చూశాను. ఊరకుక్కకు అంత పొడుగు కాళ్లుండవు. ఒళ్లు ఎండుగడ్డి రంగు, వీపు మీద నల్లటి వెంట్రుకలు, నడుము సన్నగా లోపలికి పోయి ఉంది. కుక్కయితే మనల్ని చూసి ఏదో ఒకటి చేస్తుంది, మొరగడమో, తోకాడించడమో, తుర్రుమనడమో. ఇది ఏమీ చేయలేదు. బాకీ ఉన్నవాడిని చూసినట్టు చూసింది, అంతే.

కెమెరా మెడలోనే ఉంది, 85 లెన్స్, పైన ఫ్లాష్. ఫ్లాష్ ఆపాలని మాత్రం తోచింది. ఆ బటన్ నొక్కడానికి నా బొటనవేలు మూడుసార్లు జారింది. ఆరు ఫొటోలు తీశాను. మొదటి చప్పుడుకు ఒక్క చెవి ఇటు తిప్పింది. మూడోదానికి ముందుకాలు ఎత్తి అలాగే ఆపింది. తర్వాత గట్టు దిగి నడిచి వెళ్లిపోయింది. పరిగెత్తలేదు. నేను బండి దగ్గర నుంచి గట్టు దాకా అంగలేసి చూస్తే పన్నెండు.

ఇంటికొచ్చి చూస్తే ఏడుపొక్కటే తక్కువ. రిసెప్షన్‌లో పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండిపోయింది: షట్టర్ 1/100, ఎఫ్ 2.8, ఐఎస్ఓ (వెలుతురును పట్టే గుణం) 800, ఫోకస్ మనుషుల మొహాలను వెతికేలా. ఆరూ చీకటే. మూడింట్లో వెనకాల గడ్డి పరకలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. నాలుగోది ఒక్కటే నయం, అదీ మసకే. దాన్నే మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మధ్యాహ్నానికి నలభై మెసేజ్‌లు. ఒకాయన ‘గుళికలు కలిపి పెడితే సరి’ అన్నాడు, దానికి బొటనవేళ్లు చూపించినవాళ్లు కూడా ఉన్నారు.

ఇది తోడేలేనా, నక్కా? నేను ఎక్కడ తప్పు చేశాను? హైదరాబాద్ నుంచి దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగే 150-600 లెన్స్ అద్దెకు తెచ్చుకుని రేపు తెల్లారేసరికి అక్కడ కూర్చుంటే మళ్లీ దొరుకుతుందా?

పిట్టలపిచ్చి_నల్లగొండ:

తోడేలే అన్నా. మసకగా ఉన్నా కాళ్లు చెబుతున్నాయి. నక్క నేలకు దగ్గరగా ఉంటుంది, బరువు 8 నుంచి 11 కిలోలు, మూతి కోసుగా ఉంటుంది. గుంటనక్క ఇంకా చిన్నది, మూడు నాలుగు కిలోలకు మించదు, తోక చివర నల్లగా కుచ్చులా కనిపిస్తుంది. తోడేలు 20 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ఎత్తు రెండడుగుల దాకా. నీ ఫొటోలో పొట్ట కింద నుంచి అవతలి గట్టు కనిపిస్తోంది చూడు. నక్కకైతే అంత సందు ఉండదు.

ఫొటో సంగతి. ఫ్లాష్ ఆపి మంచి పని చేశావు, కానీ ఫ్లాష్ కోసం పెట్టిన లెక్కలు మార్చలేదు. ఆ వెలుతురులో ఐఎస్ఓ 6400కు తీసుకెళ్లాల్సింది. మనం పెళ్లిళ్లలో గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని భయపడి భయపడి అలవాటైపోయాం. గ్రెయిన్ తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోను ఎవడూ నిలబెట్టలేడు. నిలబడ్డ జంతువుకు షట్టర్ 1/250, నడిస్తే 1/500 ఉండాలి. నీ కెమెరా కొత్తదైతే మెనూలో జంతువుల కన్ను పట్టే ఫోకస్ ఉంటుంది. దాన్నీ, ఎక్కువ ఐఎస్ఓనీ, సైలెంట్ షట్టర్‌నీ కలిపి డయల్ మీద ఒక ఖాళీ నంబరులో దాచిపెట్టుకో. ఒక్క తిప్పుతో వచ్చేయాలి, ఆ టైంలో మెనూ వెతికే చేతులు ఎవరికీ ఉండవు. నేను గుడ్లగూబ ఎదురుగా కూర్చుంటే లెన్స్ మూత తీయకుండా పది నొక్కినవాణ్ణి.

రాజు_ఎడిట్స్:

ఏఐలో వేసి షార్ప్ చేయి బ్రో, రెండు నిమిషాల పని.

పిట్టలపిచ్చి_నల్లగొండ:

వేస్తే దానికి ఆల్సేషన్ కుక్క కళ్లు పెడుతుంది. అప్పుడు అది ఈయన చూసిన తోడేలు కాదు.

కురుమబిడ్డ:

అన్నా, ముందు ఆ ఊరి పేరు తీసేయి. లెన్స్ సంగతి తర్వాత.

మాది గొర్ల ఇల్లు. మా నాయన పల్లిచేలు, కందిచేలు ఖాళీ అయ్యాక రైతుల పొలాల్లో మంద పెడతాడు, ఎరువు కోసం. నీ ఫొటో ఆయనకు చూపించా. ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, ‘ఇది పిల్లల కాడికి పోతున్నది’ అన్నాడు. మన దిక్కు తోడేళ్లు ఎక్కువగా చలికాలంలో ఈనుతాయి. ఇప్పుడు పిల్లలు బొరియ విడిచి దూరం పోలేవు. నువ్వు ఆపిన తోవ దాని ఇంటి తోవ అయి ఉంటుంది. అది కాలెత్తి ఆపింది అంటున్నావే, నువ్వు పక్కకు జరుగుతావా లేదా అని చూస్తోంది. రేపు నువ్వు అక్కడ కూర్చుంటే పిల్లలను నోట కరుచుకుని ఇంకో చోటికి మార్చుకుంటుంది. ఆ మార్చడంలో కుక్కల పాలయ్యేవి ఉంటాయి.

ఇంకో మాట. గ్రూపులో గుళికలు అన్నవాళ్లలో గొర్లు ఉన్నవాళ్లు ఎందరో లెక్కపెట్టు. మందలోళ్లకు అది అక్కడుందని నీకంటే ముందే తెలుసు. పోయినేడు మావి రెండు గొర్రెపిల్లలు పోయాయి, మా అమ్మ దాని వంశాన్నంతా తిట్టింది, అయినా విషం పెట్టలేదు. పెడితే మొదట చచ్చేది మా మంద కుక్కే. ఎక్కువ గోల చేసేది బైకుల మీద తరిమి వీడియో తీద్దామనుకునే పోరగాళ్లు.

బీట్_డ్యూటీ:

అటవీశాఖలో పనిచేసేవాణ్ణి, ఇక్కడ నా సొంత మాటగానే రాస్తున్నా. తోడేలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది. చంపితే మూడేళ్లకు తగ్గని జైలు, ఏడేళ్ల దాకా పడొచ్చు. ఆ గుళికల మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గొర్రె పోయినవాళ్లెవరైనా ఉంటే కళేబరాన్ని కదిలించకుండా ఫొటో తీసి రేంజ్ ఆఫీసులో చెప్పమనండి.

ఇంకొకటి, భయపెట్టడానికి కాదు. మనిషిని చూసి తప్పుకోకుండా చొంగ కారుస్తూ తూలుతూ మీదికొచ్చేది ఏదైనా సరే, ఫొటో మానేసి బండెక్కండి. పన్ను తగిలినా, గోరు గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. మీరు చూసింది అలాంటిది కాదులెండి, నడక చెబుతోంది.

దేవరకద్ర_స్టూడియో:

అందరికీ థ్యాంక్స్. లెన్స్ బుకింగ్ క్యాన్సిల్ చేశా, అడ్వాన్స్ పోయింది. కెమెరాలో ఆ సెట్టింగ్ దాచిపెట్టుకున్నా, నిన్న హల్దీలో పొరపాటున అదే తిరిగి పెళ్లికొడుకు బదులు వాళ్ల పామరేనియన్ కుక్క మీద ఫోకస్ పడింది.

 గ్రూపు అడ్మిన్ మా మేనమామే, ఆయనతో ఆ ఫొటో అందరికీ డిలీట్ చేయించా. కానీ అప్పటికే చాలామంది దింపుకున్నారు. ఏం చేయాలో తోచక, అది చెరువు అవతలి తండా కుక్కంట, యజమాని ఫోన్ చేశాడు, నేనే పొరబడ్డా అని గ్రూపులో రాశా. ఫొటో మసకగా ఉండటంతో అందరూ నమ్మేశారు. గుళికలాయన కూడా.

ఇప్పుడు టీ కొట్టు దగ్గరికి వెళ్తే ‘ఏం ఫొటోగ్రాఫర్వయ్యా, కుక్కకూ తోడేలుకూ తేడా తెలియదు’ అంటున్నారు. వచ్చే నెల పెళ్లి ఆర్డర్ ఇస్తానన్న ఒకాయన, మా అమ్మాయిని గుర్తుపడతావు కదా అని అడిగి మరీ అడ్వాన్స్ ఇచ్చాడు.