కొత్త యాంటీబయాటిక్ కోసం ఏళ్ల తరబడి పరిశోధన చేయడం సబబేనా?

కావలి, ఒక తండ్రి:
మా అమ్మాయి ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ముగించి, బాక్టీరియాను చంపే కొత్త అణువుల తయారీపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. మందుల కంపెనీలో ఉద్యోగం చేతికి వచ్చి ఉండగా ఇటు పంపడం సబబేనా అని బంధువులు అడుగుతున్నారు. సభ్యులు తమ అభిప్రాయం తెలుపగలరు.

కోట మండలం, రొయ్యల రైతు:
వద్దనే నా మాట. ఉన్న మందులనే మేం దక్కించుకోలేకపోతున్నాం. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వైరస్ వల్ల వస్తుందని, వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదని తెలిసి కూడా, టెట్రాసైక్లిన్ పొడిని జిగురుతో మేతకు పట్టించి, పట్టా మీద ఆరబెట్టి గుంటలో చల్లినవారు ఉన్నారు. ఒక పంటకు నేనూ ఆ పని చేశాను. రొయ్య దక్కలేదు సరికదా, నీటిలోని విబ్రియో అనే బాక్టీరియాకు ఆ మందును తట్టుకోవడం నేర్పినట్లయింది. రేపు వచ్చే అణువుకైనా ఇదే గతి.

నెల్లూరు, రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
రైతుగారు చెప్పిన టెట్రాసైక్లిన్ కథే ఆయన వాదానికి జవాబు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లే సంస్థ నుంచే వెలువడింది. ఆ తరువాత దశాబ్దాల పాటు సూక్ష్మజీవి తయారుచేసి ఇచ్చిన అణువుకే చిన్న చిన్న మార్పులు చేయగలిగారు తప్ప, అణువులోని పరమాణు వలయాల్లో కోరిన చోట కోరిన మార్పు చేయడం సాధ్యపడలేదు. హార్వర్డ్‌లోని ఆండ్రూ మయర్స్ బృందం 2005లో ఆ అణువును రెండు ముక్కలుగా విడివిడిగా కట్టి, చివరలో అతికించే మార్గం చూపింది. ఒక ముక్కను మారుస్తూ పోతే కొత్త అణువులు వరుసగా వస్తాయి. అలా పుట్టిన ఎరవాసైక్లిన్, పాత టెట్రాసైక్లిన్లను బయటికి తోసేసే పంపులున్న బాక్టీరియాపై కూడా పనిచేస్తూ, 2018లో అమెరికాలో అనుమతి పొందింది. పదమూడేళ్లు పట్టిన మాట నిజమే, కానీ అది వృథా అనలేం.

ఒంగోలు, ఫార్మసిస్టు:
అనుమతి వస్తే సరిపోదండి. ప్లాజోమైసిన్ అనే మరో కొత్త యాంటీబయాటిక్‌కు 2018 జూన్‌లో అనుమతి దక్కగా, దాన్ని తయారుచేసిన అకాజెన్ కంపెనీ 2019 ఏప్రిల్‌లోనే దివాలా తీసింది. కొత్త యాంటీబయాటిక్‌ను అత్యవసరానికి దాచి ఉంచాలంటారు, దాచి ఉంచితే అమ్మకాలుండవు.

నెల్లూరు, రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
అది ఒప్పుకోక తప్పదు. అందుకే ఈ పని కంపెనీల కన్నా విశ్వవిద్యాలయాల్లోనే ఎక్కువగా నిలుస్తుందని నా అభిప్రాయం. అయితే కావలివారికి ఒక మాట. పాతిక అణువులు తయారుచేసి, పళ్లెంలో ఆ మందు అద్దిన కాగితపు బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయాన్ని స్కేలుతో కొలిచి, పట్టిక వేసి అక్కడితో ముగించే సిద్ధాంత గ్రంథాలు (నాది కూడా అటువంటిదే) బీరువాల నిండా ఉన్నాయి. అణువు ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటోంది, మనిషి కణానికి హాని చేస్తోందా అని పరీక్షించే సూక్ష్మజీవశాస్త్ర బృందం ఆ గైడుగారితో కలిసి పనిచేస్తోందో లేదో చేరకముందే అడగమనండి. లేదంటే ఉద్యోగమే మేలు.

కావలి, ఒక తండ్రి:
వచ్చే వారం గైడుగారి దగ్గరికి అమ్మాయితో పాటు నేనూ వెళ్తున్నాను. ఈ ప్రశ్న కాగితం మీద రాసి అమ్మాయికి ఇచ్చాను. వచ్చిన జవాబు ఇక్కడే తెలియజేస్తాను.