గీత కూడా పడని ఫెండర్‌కి "బ్లెండ్" ఎందుకు?

కారు ముందు డోర్‌కి సొట్ట పడింది. షాపువాళ్ల రిపేర్ ఎస్టిమేట్‌లో పక్క ఫెండర్‌కి (ముందు చక్రం పైనుండే రేకుకి) కూడా "బ్లెండ్" అని రాశారు, దానికి గీత కూడా పడలేదు. "ఆర్ అండ్ ఐ" అంటే కూడా ఎవరైనా చెప్పండి.

↪ బ్లెండ్ అవసరమేనండి. కలర్ కోడ్ ఒకటే అయినా, ముఖ్యంగా మెటాలిక్ రంగుల్లో, కొత్త పెయింట్ పాతదానితో అచ్చంగా కలవదు, అందుకే రంగును ఫెండర్ మీదికి పలచబరుస్తూ తీసుకెళ్లి, ఆపైన ఫెండర్ మొత్తానికి క్లియర్ కోట్ (రంగు లేని పారదర్శక పై పొర) కొడతారు. లేకపోతే డోర్ ఒక్కటీ అతుకు వేసినట్టు కనిపిస్తుంది.

↪ ఆర్ అండ్ ఐ అంటే హ్యాండిల్, బీడింగ్ విప్పి, పెయింట్ అయ్యాక అవే బిగించడం. నేను విప్పించకుండా టేపు వేసి కొట్టిస్తే, కొన్నాళ్లకే హ్యాండిల్ చుట్టూ పొర లేచింది. దయచేసి ఎస్టిమేట్‌లోంచి ఆర్ అండ్ ఐ మాత్రం తీసేయించకండి.

↪ బండి తీసుకునేటప్పుడు పెయింట్‌ని ఏటవాలుగా చూడండి. నారింజ తొక్కలా గుంతలు కనిపిస్తే దాన్నే ఆరెంజ్ పీల్ అంటారు, పాలిష్ చేయించండి.